గట్టు మీద ఇల్లు, కౌలు చేను: విదేశీ అప్పుతో జరిగే పనివల్ల నష్టపోతే ఫిర్యాదు ఎవరికి చేయాలి?

మా పిన్ని వాళ్ల ఇల్లు పంటకాలువ గట్టు మీద ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నారు. కరెంటు మీటరు ఉంది, ఇంటి పన్ను రశీదులు ఉన్నాయి, ఆధార్‌లో ఆ చిరునామానే ఉంది. పట్టా ఒక్కటే లేదు. కొన్నేళ్ల కిందట గట్టు పక్కన రోడ్డు వెడల్పు చేస్తూ ముందు వసారా తీసేశారు, తర్వాత వంటగది తీసేశారు. "పోరంబోకు కదమ్మా, నష్టపరిహారం ఎలా వస్తుంది?" అన్నారు ఆఫీసులో. పిన్ని నమ్మింది. మేమూ నమ్మాం. రోడ్డు పూర్తయ్యాక ఒకరోజు, పని మొదట్లో పాతిన బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఒక బ్యాంకు పేరు కనిపించింది. ఆ బ్యాంకు నియమాలు వెతికి చదివితే, పట్టా లేని వాళ్లకైనా కూల్చిన కట్టడానికి పరిహారం ఇవ్వాలని రాసి ఉంది. కానీ ఫిర్యాదు గడువు అప్పటికే దాటిపోయింది.

ఆ గడువు ఇంకా దాటని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లోని మన గోదావరి డెల్టాలో ఇలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు. ఏటిగట్ల మీద, కాలువ గట్ల మీద ఇళ్లు వేసుకున్నవాళ్లు, పేరు అడంగల్‌లో (ఊరి సాగు రికార్డులో) లేని కౌలు రైతులు, మొగల దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్ల, వేట చేసుకునే మత్స్యకారులు. నష్టం వీళ్లదే, కాగితం మాత్రం వీళ్ల పేరు మీద ఉండదు.

ముందు అప్పు ఎవరిచ్చారో తేల్చుకోండి

ఎక్కడ ఫిర్యాదు చేయాలన్నది మన కష్టం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఉండదు. ఆ పనికి అప్పు ఎవరిచ్చారన్న దాన్ని బట్టే ఉంటుంది. ఒక బ్యాంకు అప్పుతో జరిగే పని గురించి ఇంకో బ్యాంకుకు రాస్తే ఉపయోగం లేదు. ప్రభుత్వ సొంత డబ్బుతో జరిగే పని గురించి ఏ అంతర్జాతీయ బ్యాంకుకు రాసినా ఉపయోగం లేదు. పోలవరం సంగతి చాలామంది అడుగుతుంటారు. అది జాతీయ ప్రాజెక్టు. కేంద్రం డబ్బు, నాబార్డు ద్వారా వచ్చిన నిధులు. ముంపు ఊళ్ల వాళ్ల బాధ ఎంత న్యాయమైనదైనా, ఈ వ్యాసంలో చెప్పే అంతర్జాతీయ బ్యాంకుల ఫిర్యాదు వ్యవస్థలు దానికి పనికిరావు. 2013 భూసేకరణ చట్టం, హైకోర్టు, గ్రీన్ ట్రిబ్యునల్... ఆ దారుల్లోనే పోరాడాలి.

విదేశీ అప్పుతో నడిచే పనుల్ని ఆఫీసుల్లో 'ఈఏపీ' అంటారు, అంటే ఎక్స్‌టర్నల్లీ ఎయిడెడ్ ప్రాజెక్టు. పని జరిగే చోట బోర్డు చూడండి, టెండరు ప్రకటన చూడండి. తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము జిల్లా స్థాయి ఆఫీసుకైతే 10 రూపాయలు, మండల స్థాయికి 5. గ్రామ స్థాయిలో రుసుము లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి నాలుగు: అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు, రుణం నంబరు, రుణం ముగిసే తేదీ, పునరావాస ప్రణాళిక తెలుగు ప్రతి. మూడోది ఎప్పుడూ మర్చిపోవద్దు. మేం మర్చిపోయింది అదే.

కాగితం లేనివాళ్లకు ఈ బ్యాంకుల నియమాలు ఎందుకు ముఖ్యం

మన చట్టం కౌలు రైతును పూర్తిగా వదిలేయలేదు. భూసేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న కౌలుదార్లు, పాలికాపులు, కూలీలు కూడా 'బాధిత కుటుంబాలే' అని 2013 చట్టం చెబుతోంది. చిక్కంతా రుజువు దగ్గర. మన దగ్గర కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలన్నా భూయజమాని సంతకం కావాలి, అది కూడా 11 నెలలకే. చాలామంది యజమానులు సంతకం పెట్టరు. అందుకని పరిహారం చెక్కు వచ్చేసరికి అది అడంగల్‌లో పేరున్న ఆసామికే వెళుతుంది.

ప్రపంచ బ్యాంకు, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) పునరావాస నియమాలు ఇక్కడ ఒక అడుగు ముందున్నాయి. కటాఫ్ తేదీకి, అంటే బాధితుల సర్వే తేదీకి ముందు నుంచీ అక్కడ ఉన్నారా, అక్కడ బతుకుతున్నారా అన్నదే అవి చూస్తాయి. పట్టా లేని వాళ్లకు భూమి విలువ ఇవ్వరు. కానీ ఇల్లు, కొట్టు, చెట్టు, బావి లాంటి వాటికి పరిహారం ఇవ్వాలి, వేరేచోట కుదురుకోవడానికి సాయం చేయాలి, పోయిన జీవనోపాధి తిరిగి నిలబడేలా చూడాలి. అప్పు తీసుకునేటప్పుడు ప్రభుత్వం ఇందుకు ఒప్పుకునే సంతకం చేస్తుంది. గట్టు మీద ఉన్నావు కాబట్టి నీకేమీ రాదు అని ఆఫీసులో అన్న మాట ఆ ఒప్పందానికే విరుద్ధం. సర్వేకు మనుషులు వచ్చిన రోజున ఇంట్లో ఒకరైనా ఉండి పేరు రాయించుకోవాలి.

రాజీ కావాలా, విచారణ కావాలా?

ఈ బ్యాంకుల ఫిర్యాదు వ్యవస్థలన్నిటిలోనూ రెండు రకాల పని ఉంటుంది. మొదటిది, పెద్దమనుషుల్ని పెట్టి కూర్చుని తేల్చుకోవడం లాంటిది. బ్యాంకు తరఫున తటస్థంగా ఉండే మనిషి వచ్చి, ఊరివాళ్లనీ, ఇంజినీర్లనీ, కాంట్రాక్టరునీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. రెండోది విచారణ. ఇది ప్రభుత్వం మీద విచారణ కాదు, బ్యాంకు మీద. అప్పు ఇచ్చేటప్పుడు, పని చూసుకునేటప్పుడు బ్యాంకు తన నియమాలు తాను పాటించిందా అన్నది నిపుణులు తేలుస్తారు.

ఇళ్లు కొద్దిగా దెబ్బతిన్నాయి, డబ్బు లెక్క తేలాలి, తూము మూసేశారు, దారి పోయింది... ఇలాంటివి రాజీలో తేలే అవకాశం ఎక్కువ. పని రూపకల్పనే తప్పు, మిమ్మల్ని అసలు బాధితులుగా లెక్కలోకే తీసుకోలేదు, సంప్రదింపులు జరిగాయని కాగితాల్లో ఉన్నా ఊళ్లో ఎవరినీ అడగలేదు అంటే విచారణే సరైనది.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. ఏ వ్యవస్థా కోర్టులాగా స్టే ఇవ్వదు, నేరుగా పరిహారం చెల్లించమని ఆదేశించదు. నివేదిక బ్యాంకు డైరెక్టర్ల బోర్డుకు వెళుతుంది, దిద్దుబాటు ప్రణాళిక వస్తుంది. దాని బలమంతా అప్పు ఆగిపోతుందన్న భయంలో ఉంది. 2004లో ముంబై పట్టణ రవాణా ప్రాజెక్టు కింద తరలించబోయిన దుకాణదారులు, నివాసితులు ప్రపంచ బ్యాంకు మీద ఫిర్యాదులు విచారించే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. విచారణ తర్వాత 2006 మార్చిలో రోడ్డు, పునరావాసం పనులకు డబ్బు విడుదలను బ్యాంకు కొంతకాలం నిలిపేసింది. అప్పటిదాకా వినని మాటలు అప్పుడు విన్నారు.

ఏ బ్యాంకుకు ఏ వ్యవస్థ

ప్రపంచ బ్యాంకుతో మొదలుపెడదాం. ధవళేశ్వరం దగ్గర పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ కట్టిన రోజుల్లో కూడా ప్రపంచ బ్యాంకు రుణం ఉంది. అప్పటికి బ్యాంకు మీద ఫిర్యాదు చేసే వీలు సామాన్యుడికి ప్రపంచంలో ఎక్కడా లేదు. అది వచ్చింది నర్మద లోయ పోరాటం వల్ల. అక్కడి సర్దార్ సరోవర్ ఆనకట్ట మీద బ్యాంకు నియమించిన స్వతంత్ర సమీక్ష 1992లో బ్యాంకు తప్పుల్ని బయటపెట్టింది. 1993 మార్చిలో భారత ప్రభుత్వం మిగిలిన రుణం వద్దంది. అదే ఏడాది సెప్టెంబరులో ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ పుట్టింది. ఇవాళ లోకంలో ఉన్న ఇలాంటి వ్యవస్థలన్నిటికీ మూలం మన దేశపు నిర్వాసితుల పోరాటమే. ఫిర్యాదు రాసేటప్పుడు మన మనసులో ఉండాల్సిన విషయం ఇది, మనం ఎవరి దయా అడగడం లేదు.

ప్యానెల్‌కు ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది బాధితులు కలిసి రాయాలి. తెలుగులో రాయవచ్చు. ముందుగా బ్యాంకు అధికారులకు సమస్య చెప్పి ఉండాలి. 2020లో ప్యానెల్‌ను, కొత్తగా పెట్టిన వివాద పరిష్కార విభాగాన్ని ఒకే గొడుగు కిందికి తెచ్చారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. రాజీ విభాగానికి నేరుగా వెళ్లలేరు. ప్యానెల్ విచారణ సిఫారసు చేసి, డైరెక్టర్ల బోర్డు ఒప్పుకున్నాక, రాజీ కావాలా అని ఇరుపక్షాలనూ అడుగుతారు. ఒప్పుకుంటే ఏడాది, పొడిగిస్తే ఇంకో ఆరు నెలలు మాట్లాడుకోవచ్చు. కుదరకపోతే విచారణ మొదలవుతుంది. గడువు విషయంలో, ఆ సంస్కరణల తర్వాత ఆమోదం పొందిన ప్రాజెక్టులకు రుణం ముగిసిన 15 నెలల వరకు అవకాశం ఉంది. పాత నిబంధన ప్రకారమైతే రుణం ముగిసేలోపు, అదీ 95 శాతం డబ్బు విడుదల కాకముందే రావాలి. ఒంటరిగా ఒక్క కుటుంబమే బాధపడుతుంటే బ్యాంకులోనే గ్రీవెన్స్ రిడ్రెస్ సర్వీస్ అని ఇంకొకటి ఉంది. అది స్వతంత్రమైనది కాదు, బ్యాంకు అధికారులే నడుపుతారు. కానీ చిన్న సమస్యకు ఒక్కరైనా రాసుకోవచ్చు, త్వరగా కదులుతుంది.

పని మొదలయ్యేదాకా ఆగాల్సిన అవసరం లేదు. అమరావతి రాజధాని ప్రాజెక్టు మీద అక్కడి రైతులు 2017లో ప్యానెల్‌కు ఫిర్యాదు చేసేనాటికి బ్యాంకు ఇంకా రుణం మంజూరు చేయలేదు. 2019 జులైలో భారత ప్రభుత్వం రుణ అభ్యర్థన వెనక్కి తీసుకోవడంతో బ్యాంకు అందులోంచి తప్పుకుంది, ఆ ఫిర్యాదు కూడా అక్కడితో ఆగింది. తర్వాత 2024 డిసెంబరులో అమరావతికే ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఏడీబీ 78.88 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. డబ్బు వెళ్లిపోతుంది, మళ్లీ వస్తుంది. దానితో పాటే ఫిర్యాదు హక్కు కూడా పోతుంది, వస్తుంది. అందుకే ఒకసారి తెలుసుకుని ఊరుకోకూడదు.

ఏడీబీది మనీలా కేంద్రంగా నడిచే వ్యవస్థ. 2003లో పెట్టారు, 2012లో మార్చారు. ఆ 2012 విధానం ప్రకారం చూస్తే, నా ఉద్దేశంలో సామాన్యుడికి ఎంచుకోవడానికి ఇదే తేలిక. రాజీ కావాలా, నియమాల విచారణ కావాలా అన్నది ఫిర్యాదుదారులే మొదట్లో చెప్పవచ్చు. రాజీ అయితే స్పెషల్ ప్రాజెక్ట్ ఫెసిలిటేటర్ ఆఫీసు చూస్తుంది, విచారణ అయితే కంప్లయన్స్ రివ్యూ ప్యానెల్ చూస్తుంది. ఇద్దరైనా ఉండాలి. ముందుగా ఏడీబీ ప్రాజెక్టు అధికారులతో నిజాయితీగా ప్రయత్నించామని చూపాలి. రుణం ముగిసిన రెండేళ్ల వరకు సమయం ఉంటుంది. తెలుగు ప్రతితో పాటు ఇంగ్లిష్ ప్రతి కూడా పెట్టండి, కాలం కలిసొస్తుంది.

ప్రైవేటు కంపెనీ పని అయితే ఐఎఫ్‌సీ ఉందేమో చూడండి. ప్రపంచ బ్యాంకు గ్రూపులో ప్రైవేటు రంగానికి అప్పులిచ్చే సంస్థ అది. దానిమీద ఫిర్యాదులు వినేది 1999లో పెట్టిన సీఏఓ, కంప్లయన్స్ అడ్వైజర్ ఆంబుడ్స్‌మన్. ఒక్కరు రాసినా తీసుకుంటుంది, ఏ భాషలో రాసినా తీసుకుంటుంది. అర్హత ఉందని తేలాక ఇరుపక్షాలతో మాట్లాడి, రాజీ వైపు వెళ్లాలా విచారణ వైపా అన్నది తేలుస్తుంది. ఐఎఫ్‌సీ డబ్బు నేరుగా రాకుండా ఏదో బ్యాంకు, ఫండు ద్వారా వచ్చినా ఫిర్యాదు కుదురుతుంది, కాకపోతే ఆ లింకు కాగితాల్లో పట్టుకోవడం కష్టమైన పని.

మొగల దగ్గర వేట చేసేవాళ్లు గుజరాత్‌లోని ముంద్రా సంగతి తెలుసుకోవాలి. అక్కడి బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఐఎఫ్‌సీ, ఏడీబీ రెండూ అప్పులిచ్చాయి. తీరంలో కొన్ని నెలలు గుడిసెలు వేసుకుని వేట చేసే కుటుంబాలు 2011లో సీఏఓకి, 2013లో ఏడీబీకి ఫిర్యాదు చేశాయి. ఆ కుటుంబాలను బాధితులుగా సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదని సీఏఓ 2013లో తప్పుపట్టింది. దిద్దుబాటు సరిపోలేదని వాళ్లు అమెరికా కోర్టుకు కూడా వెళ్లారు. ఐఎఫ్‌సీకి కోర్టుల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది, అయితే ఆ తర్వాత కింది కోర్టుల్లో కేసు నిలవలేదు. అంటే ఒకే పని మీద రెండు బ్యాంకులకు ఫిర్యాదు చేయవచ్చు, గెలిచినా చేతికి వచ్చేది ఆలస్యం కావచ్చు. అంతర్వేదిలోనో భైరవపాలెంలోనో సీజను గుడిసెలు వేసుకునే వాళ్ల పరిస్థితికి ఇంత దగ్గరగా ఉన్న కేసు ఇంకొకటి నాకు కనిపించలేదు.

ఏఐఐబీ, అంటే ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు, కొత్త బ్యాంకు. కానీ మన రాష్ట్రంలో దాని డబ్బు చాలా ఉంది. గ్రామీణ రోడ్ల ప్రాజెక్టుకు 45.5 కోట్ల డాలర్లు, చిన్న పట్టణాల మంచినీరు, సెప్టేజీ (సెప్టిక్ ట్యాంకుల మురుగు) నిర్వహణకు 40 కోట్ల డాలర్లు, రెండూ 2018లో మంజూరయ్యాయి. దాని ఫిర్యాదు వ్యవస్థ పేరు పీపీఎం (ప్రాజెక్టు బాధితుల వ్యవస్థ), 2019లో పని మొదలుపెట్టింది. ఇద్దరు కావాలి. ప్రాజెక్టు స్థాయి ఫిర్యాదుల కమిటీనీ, తర్వాత బ్యాంకు అధికారులనూ ముందే అడిగి ఉండాలన్న షరతు ఇక్కడ గట్టిది. ఆ రశీదులు లేకుండా వెళ్లొద్దు. ఏఐఐబీ ఇంకో బ్యాంకుతో కలిసి అప్పిచ్చి, ఆ బ్యాంకు నియమాలనే పాటించడానికి ఒప్పుకుంటే, ఫిర్యాదు కూడా ఆ బ్యాంకు దగ్గరే చేయాలి. మన రాష్ట్రంలో '24 గంటల కరెంటు' ప్రాజెక్టు అలాంటిదే. ప్రపంచ బ్యాంకు, ఏఐఐబీ కలిసి ఇచ్చాయి, ప్రపంచ బ్యాంకు ముందుండి నడిపింది.

బ్రిక్స్ దేశాల ఎన్‌డీబీ (న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు) కూడా 2019లో మన రాష్ట్ర రోడ్లు, వంతెనల పునర్నిర్మాణానికీ, మండలాలను కలిపే రోడ్లకూ చెరో 32.3 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఆ బ్యాంకు పని మొదలుపెట్టిన నాడు పై వాటితో పోల్చదగ్గ స్వతంత్ర వ్యవస్థ పెట్టుకోలేదు. బోర్డు మీద ఆ పేరు ఉంటే స్థానిక దారుల మీదే ఎక్కువ బలం పెట్టండి.

స్థానిక దారులు వదలకండి

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. సమస్య అక్కడే తీరితే అంతకన్నా మంచిది లేదు. తీరకపోతే ఆ రశీదే 'ముందు ప్రయత్నించాం' అనడానికి రుజువు. యానాం వాళ్లది పుదుచ్చేరి పాలన కాబట్టి వాళ్ల అర్జీ అక్కడి అధికారులకే.

కాలుష్యం, మడ అడవులు, తీర ప్రాంత నిబంధనల ఉల్లంఘన అయితే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచి మేలు. అది ఆదేశం ఇవ్వగలదు, పని ఆపగలదు. దాని గడువు మాత్రం తక్కువ. పర్యావరణ వివాదానికి కారణం మొదట తలెత్తిన ఆరు నెలల్లో వెళ్లాలి, పరిహారం కోసమైతే ఐదేళ్లు. బ్యాంకు జవాబు వచ్చాక చూద్దాంలే అని ఆగితే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

నేనైతే ఏది ఎంచుకుంటాను

గట్టు మీద ఇల్లు పోయి, అప్పు ఏడీబీదైతే, రాజీ కోరతాను. ఇళ్లు లెక్కకు దొరుకుతాయి, నష్టం చూపించగలం, ఎదుటివాళ్లకు కూడా పని ఆగకుండా తేల్చుకోవాలని ఉంటుంది. అదే అప్పు ప్రపంచ బ్యాంకుదైతే, నాలుగైదు ఇళ్ల వరకే అయితే గ్రీవెన్స్ సర్వీస్‌కు రాస్తాను. గట్టు పొడవునా ఊళ్లకు ఊళ్లు లేపేస్తుంటే ప్యానెల్‌కే వెళతాను.

కౌలు రైతుకు నా సలహా వేరు. రాజీకి కూర్చుంటే భూయజమాని కూడా ఎదురుగా ఉండే పరిస్థితి రావచ్చు. పరిహారంలో వాటా అడిగిన కౌలుదారుకు వచ్చే ఏడాది చేను దొరకదు, ఈ భయం ఊళ్లో అందరికీ తెలిసిందే. అందుకని కౌలు రైతులు ఒక్కొక్కరుగా కాకుండా పదిమంది కలిసి, పేర్లు గోప్యంగా ఉంచమని స్పష్టంగా కోరుతూ, విచారణే అడగాలి. అడగాల్సింది ఆసామి డబ్బులో వాటా కాదు. ప్రాజెక్టు డబ్బులోంచి జీవనోపాధి సాయం. ఈ తేడా ఫిర్యాదులో మొదటి పేజీలోనే రాయండి. యజమానితో తగాదా లేదని అందరికీ అర్థమవ్వాలి. ఆకాశరామన్న ఉత్తరాలు ఎవరూ తీసుకోరు. పేరు చెప్పాలి, కానీ బయటపెట్టవద్దని కోరే హక్కు మీకుంది.

ఫిర్యాదులో ఏం పెట్టాలి

పెద్ద భాష అక్కర్లేదు. మేం ఎవరం, ఎక్కడ ఉంటాం, ఏ పని వల్ల ఏం నష్టం జరిగింది లేదా జరగబోతోంది, ఎవరికి ఎప్పుడు చెప్పాం, వాళ్లేమన్నారు, మాకేం కావాలి. అంతే. నియమం నంబర్లు తెలియకపోయినా ఫర్వాలేదు. టెండర్లలో అవినీతి జరిగిందన్న ఆరోపణ ఇందులో కలపకండి. దాన్ని చూసే విభాగాలు వేరు, కలిపితే అసలు విషయం పక్కకు పోతుంది.

రుజువుల దగ్గరే మనవాళ్లు వెనకాడతారు, మా దగ్గర ఏముంది అని. చాలా ఉంటాయి. గట్టు ఇంటికి కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రశీదులు, పిల్లల స్కూలు రికార్డులో చిరునామా. కౌలుకు ఈ-పంట నమోదు, ఎరువుల కొట్టు బిల్లులు, ధాన్యం అమ్మిన కాగితాలు, వరుసగా మూడేళ్లవి ఉంటే 2013 చట్టానికి కూడా పనికొస్తాయి. మత్స్యకారులకు పడవ రిజిస్ట్రేషన్, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలంలో భృతి అందుకున్న జాబితాలో పేరు. ఫోటోలు తేదీతో సహా తీయండి, కూల్చకముందే తీయండి.

ఈ మధ్య మా పిన్ని వాళ్ల ఊరికి అవతల కాలువ మీద వంతెన పని కోసం సర్వే రాళ్లు పాతారు. పిన్ని ఆ గట్టు మీదున్న పదహారు ఇళ్లకూ తిరిగి, ఒక నోటు పుస్తకంలో ఇంటి యజమాని పేరు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, మీటరు నంబరు రాయించింది. అప్పు ఎవరిచ్చారు, ఎప్పుడు ముగుస్తుంది అని అడుగుతూ పోయిన వారం సమాచార హక్కు దరఖాస్తు వేశాం.